పద్నాలుగో బిళ్ళ

క్యాంపు ఆఫీసు గది,
అక్టోబరు 4, ఆదివారం.

మనవరాలికి,

నీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగి, నా ఆరోగ్యం బాగుందని చెప్పి, ఆ తర్వాత అసలు సంగతికి రావడం నాకు చేతకాదని నీకు తెలుసు. మీ నాన్న వచ్చాడు.

శుక్రవారం మధ్యాహ్నం బస్సు దిగాడు. నేను బయట తాడు మీద తడి టెంట్లు ఆరేస్తున్నాను. భుజాన ఒక సంచి, చంకలో చుట్టిన పాత టెంటు. ముందు గుర్తుపట్టలేదు. “చోటుందా అండీ?” అన్నాడు. పదకొండేళ్ళలో మనిషి ఎంత మారినా గొంతు మారదు. “ఆకులు రాలే కాలంలో చోటుకేం తక్కువ, మనుషులకే తక్కువ” అన్నాను. ఇంకేం అనాలో తోచక ఆ మాట అన్నాను.

టెంటు వేసుకోవడానికి చెరువు పక్కన, జమ్ము గడ్డి మొలిచే చివర ఉన్న పద్నాలుగో చోటు అడిగాడు. రిజిస్టరులో సంతకం చేయించుకుని పద్నాలుగో నంబరు చెక్కబిళ్ళ ఇచ్చాను. నువ్వు ఆ బిళ్ళలతోనే అంకెలు నేర్చుకున్నావు కాబట్టి నీకు చెప్పక్కర్లేదు. అతనికి మాత్రం కొత్తవాళ్ళకి చెప్పినట్టే చెప్పాను. “బయటికి వెళ్తే బిళ్ళ నీ జేబులో ఉండాలి. తిరిగొచ్చాక ఈ బోర్డు మీద నీ మేకుకి తగిలించాలి. చీకటిపడే వేళ మేకు ఖాళీగా ఉంటే మనిషి చెరువు మీదో అడవిలోనో చిక్కుకున్నాడని లెక్క. గంట కొట్టి, టార్చి పట్టుకుని వెతకడానికి నేనే వస్తాను.”

“తెలుసు అత్తయ్యగారూ” అన్నాడు.

“తెలిసినవాళ్ళకి కూడా చెప్పడం ఇక్కడి పద్ధతి. అత్తయ్యగారు అనేవాళ్ళు ఇక్కడెవరూ లేరు.”

తల వంచుకుని బిళ్ళని అటూ ఇటూ తిప్పాడు. నెలాఖరున క్యాంపు మూసేదాకా ఉంటానన్నాడు. నిన్ను ఒక్కసారి చూడాలట. తను రాస్తే చింపేస్తావట, నేను రాస్తే చదువుతావట. రమ్మని నేను చెప్పను. రావద్దనీ చెప్పను. అడిగాడని మాత్రం చెప్పడం నా బాధ్యత. ఫోను ఇక్కడ అందదు, అందినా ఇలాంటివి ఫోనులో చెప్పేవి కావు.

ఇకమీదట ఈ ఉత్తరాల్లో అతన్ని పద్నాలుగో నంబరు అనే రాస్తాను. పేరు రాయడం ఇష్టం లేదు. అల్లుడు అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

అమ్మమ్మ.

*

కళ్ళజోళ్ళ దుకాణం, మేడ మీది గది.

అమ్మమ్మకి,

ఆయన్ని పంపేసెయ్.

చూడాలట. ఒక్కసారట. అమ్మకి దగ్గుమందు తెస్తానని చొక్కా వేసుకుని వెళ్ళాడు. నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. మందు సీసా ఎంతుంటుందో, ఏ చేత్తో పట్టుకొస్తాడో కూడా ఊహించుకుంటూ కూర్చున్నాను. పదమూడేళ్ళదాన్ని, నాకంత తెలివి ఎక్కడిది? ఆ తర్వాత అమ్మ బతికిన ఆరు నెలలూ తలుపు చప్పుడైతే చాలు, తల తిప్పేది. లోపలికొచ్చింది నేనేనని తెలిశాక ఆ మొహం ఎలా మారేదో చూడాల్సింది కూడా నేనే. నువ్వు క్యాంపులో ఉండేదానివి, నీకు తెలియదు. నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఇక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా అద్దాలు సానబడతాను. చేతులకి ఆ తెల్ల బురద ఎండిపోయి, గోళ్ళ సందుల్లో ఉండిపోతుంది. ఎవరెవరి చూపో సరిచేస్తాను. నేను ఎవర్ని చూడాలో నా ఇష్టం.

ఆయనకి ఇదే చదివి వినిపించు. మొత్తం చదవక్కర్లేదు, మొదటి వాక్యం చాలు.

నీ మనవరాలు.

*

క్యాంపు ఆఫీసు గది,
అక్టోబరు 12, సోమవారం.

మనవరాలికి,

నీ ఉత్తరం అందింది. తేదీ వెయ్యలేదు. కోపంలో ఉన్నా తేదీ వెయ్యాలి. ఎప్పటి కోపమో తెలియాలి కదా.

పంపేయమన్నావు. అద్దె కట్టి, నిప్పు సరిగ్గా ఆర్పి, తన చెత్త తనే మోసుకెళ్ళే మనిషిని పంపేసే నియమం నా దగ్గర లేదు. నియమం లేకుండా పంపితే అది నా కోపం. నా కోపంతో క్యాంపు నడపను. మొదటి వాక్యం చదివి వినిపించాను. “ఊఁ” అన్నాడు. “అక్షరాలు గుండ్రంగా రాస్తోందా ఇంకా?” అన్నాడు. ఉత్తరం మడిచేశాను.

మీ అమ్మ తల తిప్పడం గురించి నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను.

ఇక్కడి సంగతులు. కొత్తగా పెళ్ళైన జంట ఒకటి వచ్చింది. వానకి టెంటు కారితే నీవల్లంటే నీవల్లని తెల్లవార్లూ వాదించుకుని, పొద్దున్నే మూటాముల్లే సర్దుకుని వెళ్ళిపోయారు. టెంటు కట్టడం వస్తే సంసారం సగం వచ్చినట్టే. వాళ్ళకి రాలేదు. ఇప్పుడు రెండే టెంట్లు మిగిలాయి. పద్నాలుగు, పిట్టల మాస్టారు. రిటైరైన ఆ డ్రాయింగు మాస్టారు నీకు గుర్తున్నాడో లేదో. ఏటా ఈ కాలంలో వలసపిట్టల కోసం వస్తాడు. మెడ ఎప్పుడూ పైకే. మొన్న టెంటు తాడు తట్టుకుని నా వేడినీళ్ళ బిందె మీద పడబోయాడు. ఈసారి పెద్ద బూడిదరంగు పిట్ట ఒకటి చెరువు మీద దిగింది. చీకటి పడ్డాక అది కూస్తే అచ్చం మనిషి ఎవరినో పిలిచినట్టు ఉంటుంది. మొదటిరోజు నేను టార్చి తీసుకుని బయల్దేరితే, “కూర్చోండి మేడమ్, అది పిట్ట. మీకు పనిలేక పిట్టలకీ బిళ్ళలిస్తారా?” అని నవ్వాడు. ఇప్పుడు అలవాటైంది.

పొద్దున్నే టెంట్ల మీద ఆకులు తడిసి అతుక్కుని ఉంటున్నాయి. అలాగే వదిలేస్తే గుడ్డ మీద మరకలు పడతాయి. మెత్తటి చీపురుతో దులుపుతుంటే పద్నాలుగో నంబరు వచ్చి రెండో చీపురు తీసుకున్నాడు. తర్వాత చూస్తే పై కొళాయి దగ్గర కూర్చుని విప్పుతున్నాడు.

“ఆ కొళాయి నిన్ను బాగుచెయ్యమని ఎవరడిగారు?”

“అప్పటినుంచీ కారుతూనే ఉంది అత్తయ్యగారూ.”

“కారితే కారింది. పారిపోలేదుగా.”

చెయ్యి ఆగింది. మళ్ళీ తిప్పడం మొదలుపెట్టాడు. “భయపడ్డాను” అన్నాడు, కొళాయితో చెప్పినట్టు. “ఆ దగ్గు వింటూ ఉండలేకపోయాను. మందు కొన్నాను కూడా. బస్టాండు దాటుతుంటే కాళ్ళు అటు తిరిగాయి.”

“భయం అందరికీ ఉంటుంది. అందరూ బస్సెక్కరు” అన్నాను.

చిన్న రబ్బరు వాషరు జారి గడ్డిలో పడితే నేలంతా చేత్తో తడుముకున్నాడు. అతని కళ్ళజోడులో ఒక అద్దం అడ్డంగా చిట్లింది. కాడకి నల్లదారం చుట్టాడు. వాషరు నా చెప్పు పక్కనే ఉంది. కాసేపు చూసి, తీసి ఇచ్చాను.

ఇప్పుడు కొళాయి కారడం లేదు. ఆ చప్పుడు లేకపోతే నిద్ర పట్టడం లేదు.

అమ్మమ్మ.

*

కళ్ళజోళ్ళ దుకాణం, మేడ మీది గది,
అక్టోబరు 16. తేదీ వేశాను.

అమ్మమ్మకి,

ఏ అద్దం చిట్లింది? ఎడమదా, కుడిదా? ఒక అద్దం అని రాసి ఊరుకున్నావు. అన్నీ అంత వివరంగా రాసేదానివి.

దీన్ని జాలి అనుకోకు. నా పని అలాంటిది. బస్సులో ఎదురుసీటు మనిషి కళ్ళజోడు వంకరగా ఉంటే నా చేతులు ఊరుకోవు. పగిలిన అద్దంతో తిరిగేవాణ్ణి చూస్తే మా యజమానికి తన దుకాణం తలుపు పగలగొట్టినట్టు ఉంటుందట. ఆయన దగ్గర చేరాక నాకూ అదే జబ్బు అంటుకుంది.

జోడు మొత్తం పాత గుడ్డలో చుట్టి బస్సు డ్రైవరు చేత పంపు. ఎవరు చేస్తున్నారో చెప్పొద్దు. చిన్నప్పుడు అది పెట్టుకుని వాకిట్లో నడిస్తే నేలంతా నీళ్ళలా కదిలేది. పడిపోతానని ఆయన వెనకే చేతులు చాపి నడిచేవాడు. ఇది కూడా చెప్పొద్దు.

వస్తానని నేను అనలేదు.

నీ మనవరాలు.

*

క్యాంపు ఆఫీసు గది,
అక్టోబరు 21, బుధవారం.

అమ్మాయీ,

చిట్లింది కుడిది. జోడు సోమవారం బస్సులో పంపాను, ఈపాటికి నీ చేతికి వచ్చే ఉంటుంది.

అడగ్గానే ఇవ్వలేదు. “ఎవరు చేస్తారు?” అన్నాడు. “చేసేవాళ్ళు చేస్తారు” అన్నాను. నా మొహంలోకి చూశాడు. నేను పిల్లలకి పాతికేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, మొహంలో ఏమీ కనపడనివ్వను. అయినా అతనికి తెలిసిపోయింది. జోడు తీసి చొక్కా అంచుతో తుడిచి, దారం ఊడకుండా రెండు చేతులతో ఇచ్చాడు. “కాడ ఎడమవైపు కొంచెం వదులు, చెప్పండి” అన్నాడు. చెబుతున్నాను.

తర్వాత జరిగింది చెప్పాలి. నిన్న మధ్యాహ్నం ఎండుకట్టెల కోసం అడవిలోకి వెళ్ళాడు. చీకటిపడే వేళ బోర్డు చూస్తే పద్నాలుగో మేకు ఖాళీ. గంట కొట్టాను. వాన. పిట్టల మాస్టారూ నేనూ టార్చీలు తీసుకుని బయల్దేరాం. జోడు లేక దారి తప్పాడు. గట్టు మలుపులో చెట్టుకి ఆనుకుని, బిళ్ళ గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాడు. టార్చి మొహాన పడితే, “ఎవరూ?” అన్నాడు చిన్నపిల్లాడిలా. తిరిగొస్తుంటే తడి ఆకుల మీద నేను జారాను. మోకాలు రాయికి తగిలింది. మాస్టారు ఒక రెక్కా, అతను ఒక రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు.

ఆఫీసు గదిలో దీపం వెలిగించాక నోటికొచ్చినట్టు తిట్టాను. “వెళ్ళేటప్పుడూ చెప్పవు, రావడమూ తెలియదు. నీకోసం వెతుక్కోవడమే మా ఇంటి ఆడవాళ్ళ రాతా?” అన్నాను. మాస్టారు దీపం వత్తి చూస్తూ నిలబడ్డాడు. మీ నాన్న నీళ్ళు కాచి, గుడ్డ తడిపి, నా ముందు పెట్టాడు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, “ఇక నాకోసం మిమ్మల్ని వానలోకి రానివ్వను అత్తయ్యగారూ” అన్నాడు.

ఈసారి ఆ మాట సరిదిద్దలేదు. పైన మీ నాన్న అని రాశానని ఇప్పుడే చూసుకున్నాను. కొట్టెయ్యను. కొట్టివేతలు నాకు నచ్చవు.

మోకాలు వాచింది. ఎముక విరగలేదు. క్యాంపు నెలాఖరు శనివారం మూసేస్తాను. తర్వాత ఎక్కడికి వెళ్తావని అడిగితే, “బస్సు ఎటు వెళ్తే అటు” అన్నాడు. అది నీకు తెలియాలని రాస్తున్నాను. అంతే.

అమ్మమ్మ.

*

కళ్ళజోళ్ళ దుకాణం, మేడ మీది గది,
అక్టోబరు 25.

అమ్మమ్మా,

మోకాలికి కాపడం పెడుతున్నావా? మెట్లు ఎక్కొద్దు. చెప్పినా వినవు.

జోడు అయిపోయింది. కొత్త అద్దాలు రెండూ నేనే సానబట్టాను. కాడ మార్చాను. పాత ఫ్రేము మీద ముక్కు దగ్గర చెమటకి పచ్చబడిన చోటు ఉంది, అది రుద్దినా పోలేదు. వదిలేశాను. యజమాని చూసి, “ఎవరిదమ్మా, ఇంత నగిషీగా చేస్తున్నావు?” అన్నాడు. తెలిసినవాళ్ళదని చెప్పాను.

రేపు పోస్టులో వేస్తే బుధవారానికి మీకు అందుతుంది. కానీ వెయ్యను. కళ్ళజోడు డబ్బాలో పెట్టి పంపేది కాదు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, ముక్కు మీద పెట్టి, చెవుల వెనక వంచి, ఇటు చూడండి అటు చూడండి అని అడిగితేనే పని పూర్తయినట్టు. శనివారం పొద్దుటి బస్సుకి వస్తాను.

ఆయనకి చెప్పు. చెప్పకపోతే ముందే వెళ్ళిపోతాడేమో, వెళ్ళడం అలవాటేగా. ఏం మాట్లాడతానో నాకు తెలియదు. బహుశా తిడతాను. తిట్టడానికైనా మనిషి ఎదురుగా ఉండాలి కదా, ఇన్నేళ్ళూ గోడని తిట్టాను.

అమ్మ నీలం పడవ ఇంకా ఉందా? లోపల పెట్టేసేముందు ఒకసారి దాంట్లో కూర్చోవాలని ఉంది. నువ్వు క్యాంపు మూసేటప్పుడు అమ్మ దాన్ని తిరగేసి గుడ్డతో తుడిచేది. నన్ను పైన కూర్చోబెట్టేది.

నీ మనవరాలు.

*

క్యాంపు ఆఫీసు గది,
నవంబరు 9, సోమవారం.

తల్లీ,

ఆ శనివారం వచ్చి, అంతా అయ్యాక, ఆదివారం బస్సెక్కేముందు నువ్వు నన్ను ఒక్కటే అడిగావు. “బిళ్ళ బోర్డు మీదే ఉంది కదా, మరి ఆయన నీళ్ళలో ఎలా ఉన్నాడు?” అని. అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. నువ్వు అడిగినదానికీ, అడగనిదానికీ కలిపి చెబుతున్నాను.

నువ్వు వస్తున్నావని బుధవారం నీ ఉత్తరం అందగానే చెప్పాను. “అలాగా” అన్నాడు. కాసేపటికి చూస్తే టెంటు ముందు చీపురుతో ఊడుస్తున్నాడు. అడవిలో రాలిన ఆకులు ఊడ్చేవాణ్ణి అతన్నే చూశాను. ఒకవైపు ఊడుస్తుంటే రెండోవైపు రాలుతున్నాయి. “ఎందుకయ్యా ఆ గొడవ?” అంటే, “కాలికి తడి తగులుతుంది” అన్నాడు. నువ్వు కూర్చోవడానికి నా గదిలోంచి కుర్చీ అడిగి తీసుకెళ్ళాడు.

నీలం పడవ సంగతి కూడా చెప్పాను. అది అవతలి ఒడ్డున, జమ్ము పక్కన గట్టు మీద బోర్లించి కట్టేసి ఉంది. వేసవి చివర పడవలవాడు అక్కడే వదిలేశాడు. “శనివారం మనిషిని పెట్టి తెప్పిద్దాం” అన్నాను. “తెచ్చి, తుడిచి, ఆరబెట్టాలి కదా. అమ్మాయి తడిబల్ల మీద కూర్చుంటుందా?” అన్నాడు. “కళ్ళు లేకుండా పడవ జోలికి వెళ్ళకు” అన్నాను. “అవతలి ఒడ్డు నాకు కళ్ళు లేకపోయినా కనిపిస్తుంది అత్తయ్యగారూ” అన్నాడు, నవ్వి. వచ్చాక అతను నవ్వడం అదొక్కసారే.

గురువారం మధ్యాహ్నం మోకాలు సలిపితే పడుకున్నాను. అతను గట్టు చుట్టూ నడిచి వెళ్ళి పడవ విప్పాడు. ఎండలో ఇన్నాళ్ళు ఉండి దాని అడుగుచెక్కలు విచ్చుకున్నాయి. నీళ్ళలో పెట్టి ఒకరోజు నానబెడితే గానీ సందులు మూసుకోవు. పడవలవాడికి అది తెలుసు. మీ అమ్మకి తెలుసు. అతనికి తెలియదు. సగం దూరం వచ్చేసరికి నిండిపోయి ఉంటుంది. ఒక తెడ్డు ఇప్పటికీ దొరకలేదు.

చీకటిపడే వేళ లేచి బోర్డు చూశాను. పద్నాలుగు మేకుకి ఉంది. తలుపు వేసుకున్నాను.

కాసేపటికి చెరువు వైపు నుంచి కేక వినిపించింది. మనిషి ఎవరినో పిలిచినట్టు. రెండుసార్లు. పిట్ట అనుకున్నాను. అయినా లేచి, తలుపు తీసి, మళ్ళీ బోర్డు మీద టార్చి వేశాను. పద్నాలుగు మేకుకే ఉంది. పిట్టే అని పడుకున్నాను. బోర్డు చూశాను గానీ మనిషిని చూడలేదు. పద్నాలుగో చోటు నా గుమ్మానికి కూతవేటు దూరం.

శుక్రవారం పొద్దున్న ఏం చూశానో నీకు తెలుసు.

ఇక బిళ్ళ సంగతి. పిట్టల మాస్టారు ఆ గురువారం మధ్యాహ్నమే టెంటు మడిచి బస్సెక్కాడు. పొరపాటున నా చిన్న కెటిల్ ఆయన సామానులో కలిసిపోయింది. అది ఇచ్చి వెళ్దామని నిన్న వచ్చాడు. జరిగింది నా నోటి నుంచే విన్నాడు. విని చాలాసేపు ఆ కెటిల్ మూత తీసి పెడుతూ కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు. తను బస్సుకి వెళ్తుంటే మీ నాన్న బోర్డు దగ్గర బిళ్ళ తగిలిస్తున్నాడట.

“ఏమయ్యా, పట్టపగలే పడకా?” అని అడిగాడట మాస్టారు.

“పడవ తేవడానికి వెళ్తున్నాను మాస్టారూ. రావడం కాస్త ఆలస్యమవుతుందేమో. మేకు ఖాళీగా కనిపిస్తే ఆవిడ ఆ మోకాలితో మళ్ళీ బయల్దేరుతుంది. మొన్న పడిన పాటు చాలు.”

“నియమం తప్పుతున్నావు. మేడమ్‌కి తెలిస్తే చెవి మెలేస్తుంది.”

“మెలేస్తే మెలేస్తుంది. ఇంట్లో మనిషిగా చూసినట్టేగా.”

మాస్టారు నవ్వి బస్సెక్కేశాడు. అంతే. ఈ బోర్డు పెట్టిన దగ్గర్నుంచీ బిళ్ళ మర్చిపోయినవాళ్ళున్నారు, పారేసుకున్నవాళ్ళున్నారు. నామీద దయతో తప్పుగా తగిలించినవాడు ఇతనొక్కడే. నేను అరవకుండా ఉంటే తగిలించేవాడు కాదు.

మాస్టారికి టీ ఇచ్చి పంపాను.

అమ్మమ్మ.

*

కళ్ళజోళ్ళ దుకాణం, మేడ మీది గది,
నవంబరు 14.

అమ్మమ్మా,

కేక సంగతి నాకు చెప్పకుండా ఉండాల్సింది. నువ్వు చెప్పకుండా ఉండలేవని తెలుసు. ఇప్పుడు అది నాకూ వినిపిస్తోంది. కింద సానరాయి తిరుగుతుంటే మధ్యలో వినిపిస్తుంది. రెండుసార్లు అన్నావు. ఆ రెండుసార్లూ ఏమని పిలిచాడో అని ఆలోచిస్తున్నాను.

నువ్వు చెప్పావు కాబట్టి నేనూ చెబుతాను. ఆ శనివారం పడవల కొట్టంలో నన్ను ఆయన దగ్గర కాసేపు ఒంటరిగా వదిలి నువ్వు బయట నిలబడ్డావు. ఏడుస్తున్నాననుకుని ఉంటావు. ఏడవలేదు. సంచిలోంచి జోడు తీసి ఆయనకి పెట్టాను. ఎడమ చెవి వెనక కొంచెం బిగుతుగా ఉంది. తీసి, కాడ నా చీరకొంగుతో పట్టుకుని వంచి, మళ్ళీ పెట్టాను. ముక్కు మీద సరిగ్గా కూర్చుంది. అలవాటు కొద్దీ, ఇటు చూడండి అనబోయాను. నోరు మూసుకున్నాను. తిట్లు కొన్ని దాచుకుని వచ్చాను, అవీ రాలేదు. అందుకే జోడు తియ్యకుండా అలాగే కాటికి పంపించమన్నాను. నువ్వు ఎందుకని అడగలేదు. మంచిపని చేశావు.

నీవల్ల కాదని రాయమంటావేమో. రాయలేను. సోమవారం నేను పోస్టులో వేసి ఉంటే బుధవారానికి జోడు ఆయన ముక్కు మీద ఉండేది. గురువారం పడవ అడుగున నీళ్ళు కనిపించేవి. ఎదురుగా కూర్చోబెట్టి పెట్టాలనుకున్నది నేను. పడవ అడిగిందీ నేనే. నీవల్ల కాదని నేను రాస్తే, నావల్ల కాదని నువ్వు రాయాలి. మనిద్దరికీ అబద్ధాలు రాయడం రాదు.

ఒక పని చెయ్యి. ఆ బిళ్ళని దాని మేకుకి తగిలించి, ఆఫీసు గదికి తాళం వేసి, చలి తగ్గేదాకా నా దగ్గరికి వచ్చెయ్. గది చిన్నదే, ఇద్దరం సర్దుకోవచ్చు. ఆ చెరువు పక్కన ఒక్కదానివీ ఉండకు.

నీ మనవరాలు.

*

క్యాంపు ఆఫీసు గది,
నవంబరు 19, గురువారం.

తల్లీ,

నీ ఉత్తరం అందింది. జవాబు అన్నిటికీ రాయను.

పైపుల్లో నీళ్ళన్నీ బయటికి వదిలేశాను. గడ్డకట్టే చలి వచ్చినా పగలవు. కెటిళ్ళు, లాంతర్లు, టెంట్లు, గూటాలు అన్నీ సరిపోయాయి. తెడ్డు ఒకటి తక్కువ. అతని టెంటు నేనే విప్పి, మూడు రోజులు ఆరబెట్టి, మడిచి, నీ కోసం పక్కన పెట్టాను. తడిగా మడిస్తే కుళ్ళిపోతుంది. పద్నాలుగో చోట టెంటు ఉన్నంతమేర గడ్డి పాలిపోయి, పచ్చటి మైదానంలో చాప పరిచినట్టు కనిపిస్తోంది. మళ్ళీ పచ్చబడాలంటే ఎండలు రావాలి. నీ కోసం తీసుకెళ్ళిన కుర్చీ దాని పక్కనే ఉంది. తేలేదు.

బిళ్ళ మేకుకి తగిలించమన్నావు. ఆ పని చెయ్యలేను. తిరిగొచ్చినవాళ్ళ బిళ్ళే మేకుకి ఉండాలి. అతను తగిలించి వెళ్ళిన బిళ్ళని ఆ శుక్రవారమే తీసేశాను, అది తప్పు లెక్క కాబట్టి. ఇప్పుడు నా పెట్టెలో ఉంది.

మేకు ఖాళీగా ఉంది. చీకటిపడే వేళ మేకు ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలో నేనే రాసిపెట్టుకున్నాను. అందుకని రోజూ గంట కొట్టి, టార్చి తీసుకుని, జమ్ము దాకా వెళ్తున్నాను. నీళ్ళ మీద వెలుగు వేసి, కాసేపు నిలబడి, తిరిగి వస్తున్నాను. పిట్టలన్నీ వెళ్ళిపోయాయి. ఏ చప్పుడూ లేదు.

మతి చలించిందనుకోకు. అతను లేడని నాకు తెలుసు. ఒక సాయంత్రం వెళ్ళాల్సి ఉండి వెళ్ళలేదు. అది ఎన్ని సాయంత్రాలకి సరిపోతుందో నాకు లెక్క తెలియడం లేదు. తెలిసినరోజు తాళం వేసి నీ దగ్గరికి వస్తాను.

చీకటి పడుతోంది. ఉంటాను.

అమ్మమ్మ.

*

కళ్ళజోళ్ళ దుకాణం,
నవంబరు 23.

అమ్మమ్మా,

సెలవు అడిగాను. శనివారం బస్సుకి వస్తున్నాను. నా కోసం ఒక బిళ్ళ తీసి ఉంచు, ఏదైనా ఫర్వాలేదు.

ఆ సాయంత్రం నేను వచ్చేదాకా బయల్దేరకు. టార్చి నేను పట్టుకుంటాను. నువ్వు గట్టు మీద చూసి నడువు, ఆకులు తడిగా ఉంటాయి.